కరిగించకుండా శుద్ధి

ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలో గానీ, జమ్మలమడుగులో గానీ, పులివెందులలో గానీ బిడ్డ పుడితే 24 గంటలు దాటకముందే తొడకు ఒక సూది వేస్తారు. అది హెపటైటిస్ బి టీకా. కాలేయాన్ని ఏళ్ల తరబడి గుల్లచేసి, చివరికి సిర్రోసిస్‌కో క్యాన్సర్‌కో దారితీసే వైరస్ తల్లి నుంచి బిడ్డకు సోకకుండా వేసే మొదటి అడ్డుకట్ట. ఆ అర మిల్లీలీటరు మందులో వైరస్ లేదు, చచ్చిన వైరస్ కూడా లేదు. వైరస్ పైతొడుగులో ఉండే ఒకే ఒక్క ప్రోటీన్, కొంత కొవ్వుతో కలిసి తనంతట తానే చుట్టుకుని తయారైన గుండ్రటి కణాలు మాత్రం ఉన్నాయి. ఒక్కోదాని అడ్డుకొలత సుమారు 22 నానోమీటర్లు. మిల్లీమీటరు గీత మీద వరసగా పేరిస్తే 45 వేలకు పైగా పడతాయి. వీటినే ప్రోటీన్ నానో కణాలు అంటున్నారు. టీకా అనగానే మనకు కొత్త జన్యువు, కొత్త ఆవిష్కరణ, తెల్లకోటు వేసుకున్న శాస్త్రవేత్త గుర్తొస్తారు. పత్రికలు రాసేదీ వాటి గురించే. నేను ఈరోజు చెప్పదలచింది వేరు. ఈ రకం టీకా పనిచేస్తుందా, దాన్ని నమ్మవచ్చా, పేదవాడికి అందే ధరలో దొరుకుతుందా అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఎక్కువగా తేలేది జన్యువు దగ్గర కాదు. జన్యువు తన పని ముగించాక మొదలయ్యే శుద్ధి దగ్గర.

ఈ కణం కథ మనిషి రక్తంతో మొదలైంది. 1960లలో బరూచ్ బ్లంబర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలో అంతవరకూ ఎరగని ఒక ప్రోటీన్‌ను గమనించారు. అది హెపటైటిస్ బి వైరస్ పైతొడుగుదని తర్వాత తేలింది. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వైరస్ పట్టుకున్నవారి రక్తంలో అసలు వైరస్‌తో పాటు, లోపల జన్యుపదార్థం లేని ఉత్త తొడుగులు లెక్కకు మిక్కిలిగా తిరుగుతుంటాయి. 1981లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి హెపటైటిస్ బి టీకాను ఆ ఉత్త తొడుగులతోనే చేశారు. రోగుల ప్లాస్మా తీసుకుని, అందులోని కణాలను వేరుచేసి, పెప్సిన్, యూరియా, ఫార్మాలిన్ అనే మూడు రసాయనాల గుండా నడిపించి, బతికున్న వైరస్ ఏదీ మిగలకుండా చూశారు. టీకా బాగానే పనిచేసింది. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే ఎయిడ్స్ బయటపడింది. రోగుల రక్తం నుంచి తీసిన మందు అనేసరికి వైద్యులు సైతం వెనకాడారు. ఆ మూడు దశలు దాటి ఏ వైరసూ బతకదని పరీక్షలు చెప్పినా అనుమానం పూర్తిగా పోలేదు. 1986లో ఈస్ట్ టీకా వచ్చింది. వైరస్ తొడుగు జన్యువును ఈస్ట్ కణంలో పెడితే, రొట్టె పిండిని పొంగించే ఆ అల్పజీవే మన కోసం తొడుగులు తయారుచేస్తుంది. రక్తం బెడద తీరింది. అయితే శుద్ధి అవసరం తగ్గిందా? తగ్గకపోగా మరో రూపంలో పెరిగింది. ప్లాస్మాలో కణాలు బయట తేలుతూ దొరికేవి. ఈస్ట్‌లో అవి జీవకణం లోపల, వేల రకాల ఈస్ట్ ప్రోటీన్ల మధ్య, కొవ్వుల మధ్య, డీఎన్‌ఏ ముక్కల మధ్య ఇరుక్కుని ఉంటాయి.

బయటికి తీసే పని ఇలా సాగుతుంది. పెద్ద ఉక్కు పాత్రలో పెంచిన ఈస్ట్‌ను అధిక పీడనంతో చిదిమి, వచ్చిన చిక్కటి ముద్దను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పెంకులను కింద దించుతారు. పైన తేరిన ద్రవాన్ని వడపోత పొరల గుండా పంపి, విద్యుదావేశాన్ని బట్టి ప్రోటీన్లను పట్టుకునే రెజిన్ కాలమ్‌ల గుండా నడిపి, సైజును బట్టి వేరుచేసే కాలమ్‌లోకి పంపుతారు. చివర్లో 0.22 మైక్రాన్ల వడపోత ఉంటుంది. ఆ రంధ్రం మన కణానికి పది రెట్లు. కణాలు దాటిపోతాయి, బాక్టీరియా ఆగిపోతుంది. అయితే కణాలు ఒకదానికొకటి అంటుకుని గుంపు కట్టాయంటే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి, అంతదాకా పడ్డ కష్టమంతా అక్కడే నిలిచిపోతుంది. చూడ్డానికి ఇదంతా మురికి తీసే పనిలాగే ఉంటుంది. ప్రొద్దుటూరు బంగారు బజారులో పెద్దయిన వారికి శుద్ధి గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు: మూసలో కరిగించి, ఆసిడ్‌తో రాగినీ వెండినీ విడదీసి, మళ్లీ పోత పోస్తే 916 హాల్‌మార్క్‌కు సరిపడే సరుకు చేతికొస్తుంది, ఎన్నిసార్లు కరిగించినా బంగారం బంగారమే. ప్రోటీన్ కణానికి ఆ సౌకర్యం లేదు. దాని విలువంతా ఆకారంలో ఉంది. ఒకే రకం గుర్తు కణం ఒంటినిండా వరసగా, దగ్గరదగ్గరగా ఉంటేనే మన రక్తంలోని బి కణాలు అది వైరస్ కాబోలునని ఉలిక్కిపడి లేస్తాయి. అదే ప్రోటీన్‌ను విడగొట్టి, విడి గొలుసులుగా అదే మోతాదులో ఇస్తే స్పందన బాగా బలహీనపడుతుంది. వేడి ఎక్కువైనా, ఆమ్లం ఎక్కువైనా, సబ్బులాంటి రసాయనం కాస్త ఘాటైనా సరుకు విచ్చుకుపోతుంది; అప్పుడు మీ దగ్గర నూటికి నూరుపాళ్లూ స్వచ్ఛమైన ప్రోటీన్ ఉంటుంది, టీకా ఉండదు. దీనికి ఒక ముచ్చటైన మినహాయింపు కూడా ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే గార్డసిల్ టీకాలో, ఈస్ట్‌లో తయారైన కణాలను కావాలనే విడదీసి, లోపల చిక్కుకున్న మలినాలను వదిలించి, మళ్లీ కూడేలా చేస్తారు. అక్కడ మాత్రం కరిగించి పోత పోయడం సాధ్యమైంది, మొదటికన్నా పొందికైన కణాలు వచ్చాయి. దాని వెనక ఏళ్ల పరిశోధన ఉంది. ప్రతి కణమూ అలా తిరిగి కూడదు.

ఇక ధర సంగతి. ఇందులో చిన్న లెక్క ఒకటి ఉంది. శుద్ధిలో ప్రతి దశలోనూ కొంత సరుకు పోతుంది. ఒక్కో దశలో నూటికి 80 పాళ్లు దక్కించుకున్నామంటే మంచి పనితనమే. అలాంటి దశలు ఆరు ఉంటే చివరికి చేతికొచ్చేది నూటికి 26 పాళ్లే. అదే శుద్ధిని నాలుగు దశల్లో ముగించగలిగితే 41 పాళ్లు దక్కుతాయి. ఈస్ట్ అదే, పాత్ర అదే, కరెంటు బిల్లు దాదాపు అదే. టీకా మోతాదులు మాత్రం ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగాయి. ఇలాంటి మందుల తయారీ ఖర్చులో శుద్ధి వాటా తరచు సగానికి మించడం వల్ల, దశ తగ్గించే ప్రతి ఉపాయమూ నేరుగా ధరలో కనిపిస్తుంది. హైదరాబాదులో 1990లలో జరిగింది ఇదే. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు వరప్రసాద రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. సాంకేతికత అడిగితే విదేశీ సంస్థ ఇవ్వలేదని ఆయన చాలా సభల్లో చెప్పారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీ పరిశోధన సంస్థల అండతో పని నడిచి, పిచియా పాస్టోరిస్ అనే ఈస్ట్‌లో తయారైన శాన్‌వాక్ బి 1997లో బజారుకు వచ్చింది. వైరస్ తొడుగు జన్యువు అక్షరక్రమం అప్పటికి ఏళ్ల ముందే శాస్త్ర పత్రికల్లో అచ్చయి ఉంది, కావాలంటే ఎవరైనా చదువుకోవచ్చు. అచ్చుకానిది, అడిగినా దొరకనిది, ఆ చిదిమిన ముద్దలోంచి కణాన్ని చెడకుండా బయటికి తెచ్చే విధానం. అందుకే ఆ విజయాన్ని నేను జన్యువు విజయంగా కాక, శుద్ధి విజయంగా చూస్తాను. తర్వాత భారత్ బయోటెక్ తన రెవాక్ బి ప్లస్‌ను సీసియం క్లోరైడ్ లేని మొదటి హెపటైటిస్ బి టీకాగా ప్రకటించుకుంది. వినేవారికి అది ప్రకటనలో ఒక మాటగా తోచవచ్చు. పాత పద్ధతిలో కణాలను బరువైన సీసియం క్లోరైడ్ ద్రావణంలో పోసి, అతివేగ సెంట్రిఫ్యూజ్‌లో గంటల తరబడి తిప్పి, తమ సాంద్రతకు తగ్గ పొరలో నిలబడేదాకా ఆగాలి. యంత్రం ఖరీదు, ఉప్పు ఖరీదు, పైగా ఒకసారికి పట్టే ద్రవం కొద్దిపాటే, తర్వాత ఆ ఉప్పును వదిలించడం మళ్లీ ఒక పని. ఆ దశను తీసేస్తే బిందెలతో చేసే పని పీపాలతో చేయవచ్చు. పోటీ పెరిగింది, ధర దిగింది, 2002లో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రభుత్వ హెపటైటిస్ బి టీకా కొన్నేళ్లకు దేశమంతా అందింది. పోటీ ఒక్కటే ధర దించిందని వాదించేవారు ఉన్నారు. పోటీ పడాలంటే ముందు తయారు చేయడం రావాలి గదా.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. అంత శుద్ధి నిజంగా అవసరమా? అతిశుద్ధి టీకాను బలహీనం చేయదా? కోరింత దగ్గు టీకా ఇందుకు సాక్ష్యం. మన పిల్లలకు 6, 10, 14 వారాల్లో వేసే పెంటావాలెంట్‌లో ఆ బాక్టీరియాను మొత్తంగా చంపి వాడతారు. జ్వరం వస్తుంది, తొడ వాస్తుంది, తల్లి రాత్రంతా మేలుకుంటుంది. సంపన్న దేశాలు అది వద్దనుకుని, కొన్ని శుద్ధ ప్రోటీన్లే ఉన్న టీకాకు మారాయి. జ్వరాలు తగ్గాయి. రక్షణ కూడా త్వరగా తరిగింది. 2010లో కాలిఫోర్నియాలో కోరింత దగ్గు మళ్లీ పెద్దఎత్తున చెలరేగడానికి ఇదొక కారణమని గుర్తించారు. మనం తీసేసిన మురికిలో కొంత, రోగనిరోధక వ్యవస్థను తట్టి లేపే పని చేస్తోందన్నమాట. ఈ అభ్యంతరంలో నిజం ఉంది. అయితే అది రుజువు చేసేది శుద్ధి వద్దని కాదు, శుద్ధి అంటే ఏది తీయాలో ఏది ఉంచాలో తెలిసి చేసే ఎంపిక అని. నానో కణం టీకా ఈ చిక్కుకు దొరికిన జవాబుల్లో ఒకటి. మురికి చేసే తట్టిలేపుడును ఇక్కడ కణం ఆకారం కొంత, కలిపిన అల్యూమినియం లవణం కొంత పంచుకుంటాయి. హెపటైటిస్ బి టీకాల్లో ఒకదాని వివరపత్రంలో ఈస్ట్ ప్రోటీన్ 5 శాతం మించదని రాసి ఉంటుంది. సున్నా అని రాయలేదు. సున్నాకు చేర్చాలంటే ఇంకో రెండు దశలు, ఇంకొంత నష్టం, ఇంకొంత ధర. ఎక్కడ ఆగాలో తేల్చేది ఆ అవశేషం హాని చేస్తుందా అన్న సాక్ష్యమే, స్వచ్ఛత మీద మోజు కాదు.

సీసాలో ఉన్నది ఎంత స్వచ్ఛమైనా, సీసా బయట జరిగేదానికి శుద్ధి పూచీ పడదు. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి వేలమంది ఆడపిల్లలకు గార్డసిల్ వేశాయి. టీకా వేసుకున్నవారిలో కొన్ని మరణాలు జరగడంతో 2010లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలింది ఏమంటే, చాలామంది విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని సరిగా తీసుకోలేదని. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని ఘాటుగా తప్పుపట్టింది. అది శుద్ధి చేతకాక వచ్చిన కష్టం కాదు, మనుషులను అడగకపోవడం వల్ల వచ్చింది. ఇంకో సంగతి సీసా లోపలిదే. 2010లో శాంతా తయారీ పెంటావాలెంట్ టీకా సీసాల గోడలకు తెల్లటి మడ్డి అంటుకుంటోందని ఫిర్యాదులు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తన ఆమోద జాబితా నుంచి తొలగించింది. సంస్థ లోపం సరిచేసుకుని 2014లో మళ్లీ జాబితాలో చేరింది. కణాన్ని శుద్ధి చేయడంతో పని ముగియదని, సీసాలో నెలల తరబడి అది స్థిమితంగా ఉండాలని ఈ ఉదంతం చెబుతుంది. మన ఎండల సంగతి ఎరిగిన వారికి వేడి భయమే ముందు గుర్తొస్తుంది గానీ, ఈ టీకాకు గడ్డకట్టడం ఇంకా పెద్ద శత్రువు. ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటర్‌లో సీసా మంచుకు ఆనుకుని ఒక్కసారి గడ్డకట్టిందా, అల్యూమినియం లవణం రేణువులు ముద్ద కట్టి, దానికి పట్టుకుని ఉన్న కణాలు పనికిరాకుండా పోతాయి. కరిగాక చూస్తే మందులాగే కనిపిస్తుంది. ఏఎన్‌ఎంలు సీసా ఊపి, పక్కన పెట్టి, మడ్డి ఎంత త్వరగా దిగుతుందో చూసే షేక్ టెస్ట్ దీనికోసమే. కోట్లు పెట్టి చేసిన శుద్ధికి ఆ పరీక్ష చివరి కాపలా.

ఈ మాటలన్నీ మనుషుల టీకాల గురించి. మన మూడు ఊళ్ల చుట్టూ ఉన్న పాడికీ జీవాలకీ ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. గాలికుంటు వ్యాధి వైరస్‌కు పైన కొవ్వు పొర లేదు, ప్రోటీన్ పెంకు ఒక్కటే, సుమారు 30 నానోమీటర్లు. అంటే ప్రకృతి చేసిన ప్రోటీన్ నానో కణం. దాన్ని బీహెచ్‌కే అనే కణాల్లో పెంచి, రసాయనంతో చంపి టీకాగా వాడతారు. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి స్థాపించిన హైదరాబాదు సంస్థ ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఈ టీకాను పెద్దఎత్తున తయారుచేస్తోంది. పెంకు చెక్కుచెదరకుండా ఉంటే దాన్ని 146ఎస్ కణమంటారు, చెదిరితే 12ఎస్ ముక్కలవుతుంది. ముక్కలు ఎన్ని ఉన్నా ఎద్దుకు గానీ ఎనుముకు గానీ రక్షణ దాదాపు రాదు. కొద్దిపాటి ఆమ్లత్వం చాలు పెంకు విడిపోవడానికి. మన దేశంలో ఎక్కువగా కనిపించే, ‘ఓ’ అనే పేరున్న వైరస్ రకం ఈ విషయంలో మరీ పెళుసు. కాబట్టి శుద్ధిలో తొందరపడ్డవాడు నీళ్లమందు అమ్ముతున్నట్టే. ఇంకో లాభం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. వైరస్ పెరిగేటప్పుడు, పెంకులో చేరని ఇతర ప్రోటీన్లను కూడా తయారుచేస్తుంది. టీకా నుంచి వాటిని బాగా తీసేస్తే, టీకా వేసుకున్న పశువు రక్తంలో వాటికి ప్రతిదేహాలు ఉండవు. నిజంగా రోగం తగిలిన పశువులో ఉంటాయి. ఒక్క రక్తపరీక్షతో రెండింటినీ వేరు చేయవచ్చు. శుద్ధి సరిగా లేకుండా మళ్లీ మళ్లీ టీకాలు వేసుకుంటూ పోతే ఈ తేడా చెరిగిపోతుంది; మందలో రోగం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. గాలికుంటు లేని ప్రాంతమని నిరూపించుకోలేని చోటి నుంచి మాంసం, పాల పదార్థాలు కొనడానికి విదేశాలు జంకుతాయి. కాలమ్‌లో జరిగిన నిర్లక్ష్యం ఇలా జమ్మలమడుగు రైతు జేబుదాకా వస్తుంది.

కొందరు అడగవచ్చు, ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు వచ్చాక ఈ శ్రమంతా ఎందుకని. అక్కడ మన శరీరమే ప్రోటీన్‌ను చేసుకుంటుంది, శుద్ధి బెడద లేదనుకుంటారు. అది సగం నిజం. ఎంఆర్‌ఎన్‌ఏ తయారీలో జంటపోగు ఆర్‌ఎన్‌ఏ అనే వ్యర్థం పుడుతుంది, అది ఒంట్లో అనవసరపు మంట రేపుతుంది. దాన్ని కాలమ్‌లతో తొలగిస్తే ఫలితం ఎంత మారుతుందో కాటలిన్ కరికో బృందం 2011లో చూపింది. నోబెల్ బహుమతి వచ్చిన 2023 నాటికి లోకమంతా ఆమె జన్యు ఆలోచనను మెచ్చుకుంది, కాలమ్‌ను మాత్రం మరిచిపోయింది. పైగా పాత కణం మూలకు చేరలేదు. మలేరియాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసిన ఆర్‌టీఎస్,ఎస్, 2023లో సిఫారసు చేసిన ఆర్21, రెండూ ఈ హెపటైటిస్ బి కణం మీదే మలేరియా ప్రోటీన్ ముక్కను నిలబెట్టి చేసినవి. మొదటిదాని తయారీ బాధ్యతను హైదరాబాదు భారత్ బయోటెక్ అందుకుంటోంది.

హైదరాబాదు ఉండగా కడప జిల్లాకు ఇందులో పనేమిటన్నది మిగిలిన ప్రశ్న. పని ఇప్పటికే ఇక్కడ ఉంది. పులివెందులలో పశు పరిశోధన కోసం పెద్ద ప్రయోగశాలలు కట్టారు; మొదట ఐజీ కార్ల్ అన్నారు, తర్వాత ఏపీ కార్ల్ అన్నారు. చాలా ఏళ్లు వాటికి తగిన వాడకం దొరకలేదు. పశువుల టీకాల తయారీకి రాష్ట్ర ప్రభుత్వం ఒక ప్రైవేటు సంస్థతో ఒప్పందమూ చేసుకుంది. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. భవనాల లోటు లేదు. టీకా కేంద్రమనగానే మనవాళ్లు ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. కాలమ్‌లు కడగడానికీ ద్రావణాలు కలపడానికీ అతిశుద్ధమైన నీరు వేల లీటర్లు కావాలి; ఫ్లోరైడ్ బాధ తెలిసిన పులివెందుల ప్రాంతంలో ఆ నీరు ఏ వనరు నుంచి, ఏ ఖర్చుతో వస్తుంది? రాత్రి కరెంటు పోతే సగం శుద్ధయిన సరుకును చల్లగా ఉంచేది ఏది? మన కళాశాలల్లో బయోటెక్నాలజీ చదివే పిల్లలకు జన్యువును కోసి అతికించడం నేర్పినంత శ్రద్ధగా, కాలమ్ నింపడం, పొర ఎందుకు మూసుకుపోయిందో కనిపెట్టడం, ప్రతి దశలో ఎంత సరుకు పోయిందో లెక్క రాయడం నేర్పుతున్నారా? కంపెనీల్లో ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది ఆ చివరి పనుల్లోనే. తయారీ పులివెందులకు రాకపోయినా, ప్రొద్దుటూరు కళాశాల ఒక పని వెంటనే చేపట్టవచ్చు. టీకా వేసిన మందల్లో రక్తం తీసి, పెంకుకు వచ్చిన ప్రతిదేహాలెన్ని, పెంకులో చేరని ప్రోటీన్లకు వచ్చినవెన్ని అని ఏటా, బ్యాచ్ వారీగా కొలిచి ప్రకటించవచ్చు. మొదటి అంకె తక్కువగా వస్తే ఆ బ్యాచ్‌లో కణాలు చెదిరాయేమో, దారిలో పాడయ్యాయేమో వెతకాలి. టీకా తప్ప రోగం ఎరగని మందలో రెండో అంకె ఎక్కువగా వస్తే తయారీదారు శుద్ధిని నిలదీయాలి. అందుకు పశుసంవర్ధక శాఖ చేయాల్సిందల్లా, ఏ గ్రామంలో ఏ బ్యాచ్ వేశారో రాసుకునే రిజిస్టరును కళాశాలకు అందుబాటులో ఉంచడం.